డాక్యుమెంటేషన్ సైట్‌కి అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డ్: ఇంజిన్‌ఎక్స్‌లో ఎలా పెట్టాలి, ఎక్కడ లీకవుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎంకేడాక్స్‌తో (టెక్స్ట్ ఫైళ్ల నుంచి సైట్ తయారుచేసే టూల్) కట్టిన ఏపీఐ డాక్యుమెంటేషన్ సైట్ ఉంది. ఉబుంటు సర్వర్ మీద ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. చూడాల్సింది సొంత టీమ్‌లో 40 మంది, బయటి క్లయింట్ కంపెనీలు మూడు. ఒక్కొక్కరికీ అకౌంట్లు, లాగిన్ సిస్టమ్ అక్కర్లేదు, అందరికీ ఒకే పాస్‌వర్డ్ చాలు. పేజీ తెరవగానే జావాస్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్ అడిగితే సరిపోతుందా?

సరిపోదు. ఆ ప్రాంప్ట్ వచ్చేసరికే పేజీ మొత్తం అవతలివాళ్ల బ్రౌజర్‌లోకి దిగిపోయి ఉంటుంది. దాని మీద మీరు పరదా వేస్తున్నారంతే. వ్యూ సోర్స్ నొక్కినా, జావాస్క్రిప్ట్ ఆపేసినా, కర్ల్ అనే కమాండ్‌తో తెచ్చుకున్నా అంతా చదువుకోవచ్చు. ఎంకేడాక్స్‌లో అయితే అంత శ్రమ కూడా అక్కర్లేదు. సెర్చ్ అనే ఫోల్డర్‌లో సెర్చ్_ఇండెక్స్ పేరుతో ఒక జేసన్ ఫైల్ తయారవుతుంది, సైట్‌లోని అన్ని పేజీల పాఠమూ అందులోనే ఉంటుంది. ఆ ఒక్క ఫైల్ దొరికితే మిగతా సైట్‌తో పనే లేదు. ఎంకేడాక్స్ బదులు స్ఫింక్స్ వాడేవాళ్లకి దీనికి జోడీ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే సోర్సెస్ ఫోల్డర్. పేజీల మూల పాఠం ఉన్నది ఉన్నట్టుగా అక్కడ కాపీ అయి ఉంటుంది, మీరు కోరి ఆపితే తప్ప.

బ్రౌజర్‌లోనే నిజంగా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి ఒకటి ఉంది, స్టాటిక్రిప్ట్ లాంటివి. పేజీని ఏఈఎస్ 256తో ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ కొట్టాక అక్కడికక్కడే విప్పుతుంది. ఇది పరదా కాదు, తాళమే. కానీ అది మూసేది హెచ్‌టీఎంఎల్ ఫైళ్లనే. పక్కనే ఉన్న బొమ్మలు, పీడీఎఫ్‌లు, సెర్చ్ ఇండెక్స్ బయటే ఉంటాయి. పైగా ఎన్‌క్రిప్ట్ అయిన పేజీని ఎవరైనా దింపుకుని, మీ సర్వర్‌ని ముట్టుకోకుండా తీరిగ్గా ఇంట్లో కూర్చుని పాస్‌వర్డ్‌లు ప్రయత్నించవచ్చు. ఆపడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. సర్వర్ సెట్టింగ్‌లు ముట్టుకునే వీలే లేని చోట, రెండు మూడు పేజీల కోసమైతే వాడండి. మీకు సొంత సర్వర్ ఉంది కాబట్టి దీని అవసరం లేదు.

మీకు కావాల్సింది హెచ్‌టీటీపీ బేసిక్ ఆథెంటికేషన్. పాతదే, అందంగా ఉండదు, కానీ పాస్‌వర్డ్ ఇచ్చేదాకా సర్వర్ ఒక్క బైట్ కంటెంట్ కూడా బయటికి వదలదు. అది పనిచేసే తీరు తెలిస్తే తర్వాత వచ్చే చిక్కులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బ్రౌజర్ మొదట ఉత్త చేతులతో అడుగుతుంది. సర్వర్ 401 అంటుంది, అంటే ముందు పాస్‌వర్డ్ చూపించు అని. బ్రౌజర్ చిన్న పెట్టె చూపించి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని, రెంటినీ మధ్యలో కోలన్ పెట్టి కలిపి, బేస్64లోకి మార్చి ఆథరైజేషన్ అనే హెడర్‌లో పంపుతుంది. అక్కడి నుంచి ఆ సైట్‌కి వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌తోనూ అదే హెడర్ వెళుతుంది: పేజీకి, సీఎస్‌ఎస్‌కి, ప్రతి బొమ్మకీ. బేస్64 ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా క్షణంలో వెనక్కి తిప్పగలరు. అందుకే హెచ్‌టీటీపీఎస్ లేకుండా దీన్ని పెట్టడం తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

ముందు పాస్‌వర్డ్ ఫైల్. ఉబుంటు, డెబియన్‌లలో అపాచీ2-యుటిల్స్ ప్యాకేజీ, రాకీ, రెడ్ హ్యాట్ వైపు హెచ్‌టీటీపీడీ-టూల్స్ ప్యాకేజీ వేసుకుంటే హెచ్‌టీపాస్‌వర్డ్ (htpasswd) కమాండ్ వస్తుంది. దీని ఆప్షన్లలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా ప్రాణాంతకం. చిన్న సీ అంటే కొత్త ఫైల్ సృష్టించు అని. పాత ఫైల్ ఉంటే దాన్ని చెరిపేసి మరీ సృష్టిస్తుంది, ఒక్క మాట అడగదు. మొదటిసారి తప్ప మళ్లీ వాడకండి. పెద్ద సీ అంటే బీక్రిప్ట్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని హాష్‌గా మార్చే పద్ధతి) కాస్ట్, అంటే ఆ లెక్క ఎంత బరువుగా ఉండాలన్నది, దాని సంగతి కింద చెప్తాను. పెద్ద బీ అంటే బీక్రిప్ట్ వాడు అని, చిన్న బీ అంటే పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్‌లోనే తీసుకో అని. ఈ చిన్న బీ జోలికి పోకండి, షెల్ హిస్టరీలో పాస్‌వర్డ్ అలాగే మిగిలిపోతుంది. ఆప్షన్ ఇవ్వకపోతే అదే అడుగుతుంది, రెండుసార్లు టైప్ చేయండి, అంతే.

ఫైల్‌ని ఈటీసీ కింద ఇంజిన్‌ఎక్స్ ఫోల్డర్‌లో పెట్టండి. సైట్ ఫైళ్లుండే ఫోల్డర్‌లో ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఓనర్ రూట్, గ్రూప్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, పర్మిషన్ 640. ఇక్కడ పొరపాటు జరిగితే ఏది పొరపాటో ఎర్రర్ నంబరే చెబుతుంది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టాక 403 వచ్చిందంటే ఇంజిన్‌ఎక్స్‌కి ఆ దారిలో ఫైలే దొరకలేదు, దారి తప్పు రాశారు. 500 వచ్చిందంటే ఫైల్ ఉంది కానీ చదివే హక్కు లేదు, లేదా హాష్ రకం సిస్టమ్‌కి అర్థం కాలేదు. ఈ రెండోది పాత లైనక్స్‌ల మీద బీక్రిప్ట్ వాడినప్పుడు వస్తుంది. ఎందుకంటే ఇంజిన్‌ఎక్స్ బీక్రిప్ట్‌ని తనంతట తాను లెక్కకట్టదు, సిస్టమ్‌లోని క్రిప్ట్ ఫంక్షన్‌ని అడుగుతుంది. ఎర్రర్ లాగ్‌లో క్రిప్ట్_ఆర్ ఫెయిల్డ్, 22, ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని కనిపిస్తే అదే జబ్బు. ఉబుంటు 20.04, డెబియన్ 11, ఆ తర్వాతి వాటిల్లో ఈ బాధ లేదు.

ఇక ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో రెండే లైన్లు. ఆథ్_బేసిక్, దాని పక్కన కోట్స్‌లో ఒక పేరు. ఆథ్_బేసిక్_యూజర్_ఫైల్, దాని పక్కన ఫైల్ పూర్తి దారి. ఒకసారి ఇంజిన్‌ఎక్స్‌ని చిన్న టీ ఆప్షన్‌తో తనిఖీ చేసి రీలోడ్ చేయండి. తర్వాత ఎప్పుడు పాస్‌వర్డ్ మార్చినా రీలోడ్ అక్కర్లేదు, ఆ ఫైల్‌ని ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్తగా చదువుతుంది.

ఆ రెండు లైన్లు ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు ప్రశ్న. చాలామంది లొకేషన్ స్లాష్ బ్లాక్‌లో (ఫలానా చిరునామాలకి ఏం చేయాలో చెప్పే భాగం) పెడతారు. సైట్ తెరుస్తారు, పెట్టె వస్తుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. అదే ఫైల్‌లో పది లైన్ల కింద, ఎప్పుడో కాషింగ్ కోసం రాసిన ఇంకో లొకేషన్ బ్లాక్ ఉంటుంది: చుక్క తర్వాత సీఎస్‌ఎస్, జేఎస్, పీఎన్‌జీ, పీడీఎఫ్, జేసన్‌తో ముగిసే ఫైళ్లకి ఎక్స్‌పైర్స్ 30 రోజులు అని. ఇంజిన్‌ఎక్స్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లొకేషన్ మామూలు లొకేషన్‌ని మించి గెలుస్తుంది. ఒక లొకేషన్‌లో రాసిన ఆథ్_బేసిక్ పక్క లొకేషన్‌కి వర్తించదు, పైనున్న సర్వర్ బ్లాక్ నుంచి మాత్రమే కిందికి దిగుతుంది. అంటే హోమ్‌పేజీకి తాళం పడింది, పీడీఎఫ్‌లు, స్క్రీన్‌షాట్లు, పైన చెప్పిన ఆ సెర్చ్ ఇండెక్స్ జేసన్ మాత్రం అడిగినవాళ్లకి అడిగినట్టు వెళ్లిపోతున్నాయి. బ్రౌజర్‌లో చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే మీరు అప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటారు. కాబట్టి రెండు లైన్లూ సర్వర్ బ్లాక్‌లో పెట్టండి, ఏ లొకేషన్ లోపలా వద్దు.

ఇంకో సందు: రిటర్న్ అనే డైరెక్టివ్. ఇంజిన్‌ఎక్స్ ఒక రిక్వెస్ట్‌ని వరసగా దశల్లో నడిపిస్తుంది. రీరైట్ దశ ముందు, పాస్‌వర్డ్ చూసే యాక్సెస్ దశ తర్వాత. రిటర్న్ పనిచేసేది రీరైట్ దశలో. ఏదైనా లొకేషన్‌లో రిటర్న్ 200 అని రాసి టెక్స్ట్ ఇచ్చారంటే అది పాస్‌వర్డ్ అడగకుండానే వెళ్లిపోతుంది. ఇదే లక్షణం మీకు మేలు కూడా చేస్తుంది: 80 పోర్ట్ మీద 301తో హెచ్‌టీటీపీఎస్‌కి పంపేస్తే, పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకునేలోపే బ్రౌజర్ 443కి వెళ్లిపోతుంది, పాస్‌వర్డ్ బట్టబయలుగా ప్రయాణించే అవకాశమే ఉండదు. 80 పోర్ట్ బ్లాక్‌లో ఆ రిటర్న్ తప్ప మరేమీ ఉంచకండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌ని ఫైల్ ద్వారా నిరూపించుకునే పద్ధతిలో తీసుకుంటుంటే ఆ చాలెంజ్ ఫోల్డర్‌కి మాత్రం 443 బ్లాక్‌లో ఒక లొకేషన్ రాసి ఆథ్_బేసిక్ ఆఫ్ పెట్టండి. లేకపోతే రెన్యూవల్ రోజున సర్టిఫికెట్ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ పెట్టిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌లోనే రమ్మని బ్రౌజర్‌కి చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్ హెడర్ పెడితే చివర ఆల్వేస్ చేర్చండి, అది లేకపోతే 401 జవాబుకి ఆ హెడర్ అంటుకోదు.

ఇప్పుడు బీక్రిప్ట్ కాస్ట్ సంగతి. కాస్ట్ ఎంత పెంచితే అంత భద్రం అని 12 పెట్టేవాళ్లు ఉన్నారు. మామూలు లాగిన్ పేజీకి అది సబబే, పాస్‌వర్డ్‌ని రోజుకి ఒకసారి సరిచూస్తుంది కాబట్టి. బేసిక్ ఆథ్‌లో అలా కాదు. ఒక డాక్యుమెంటేషన్ పేజీ తెరిస్తే సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, ఫాంట్లు, బొమ్మలు కలిపి 30 రిక్వెస్టులు వెళ్లాయనుకోండి, 30 సార్లూ బీక్రిప్ట్ మొదటి నుంచి లెక్కకడుతుంది. ఇంజిన్‌ఎక్స్ ఫలితాన్ని గుర్తుపెట్టుకోదు. మామూలు సర్వర్ మీద కాస్ట్ 12 ఒక్కసారికి 0.2 సెకన్ల దరిదాపుల్లో పడుతుంది. 30 సార్లంటే 6 సెకన్ల సీపీయూ, ఒకే ఒక్క పేజీకి. ఆ లెక్క నడుస్తున్నంత సేపూ ఆ వర్కర్ ప్రాసెస్ ఇంకెవరికీ జవాబివ్వదు. పది మంది ఒకేసారి తెరిస్తే సైట్ పడిపోయినట్టే ఉంటుంది, అందరూ ఎంకేడాక్స్ నెమ్మది అంటారు. కాస్ట్ ఒకటి పెరిగితే పని రెట్టింపవుతుంది. హెచ్‌టీపాస్‌వర్డ్ తనంతట తాను పెట్టే 5తో పోలిస్తే 12 అంటే 128 రెట్లు. ఆ 5నే ఉంచండి.

మరి భద్రత? అది పాస్‌వర్డ్ పొడవులో ఉండాలి. హాష్ బలం అక్కరకొచ్చేది పాస్‌వర్డ్ ఫైలే ఎవరి చేతిలోనైనా పడినప్పుడు. 7,776 పదాల జాబితా నుంచి పాచికలు వేసి ఐదు పదాలు తీస్తే దాదాపు 64 బిట్లు. దాన్ని కాస్ట్ 5 మీద కూడా ఎవరూ కూర్చుని విప్పలేరు. మనుషులు ఎంచుకుంటే కంపెనీ పేరు, అట్ గుర్తు, సంవత్సరం. దాన్ని కాస్ట్ 12 కూడా కాపాడలేదు.

పంచుకునే పాస్‌వర్డ్‌కి ఇంకో గుణం కావాలి: ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా కొట్టగలగాలి. అన్నీ చిన్న అక్షరాలు, పదాల మధ్య హైఫన్. సున్నా, ఓ అనే అక్షరం, ఒకటి అంకె, ఎల్ అనే అక్షరం కలగాపులగం చేయకండి. తెలుగు పదాలని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టాలనే ముచ్చట వద్దు. వంకాయని ఒక 'ఏ'తో రాసేవాళ్లు, రెండు 'ఏ'లతో రాసేవాళ్లు, మొదట 'వీ' బదులు 'డబ్ల్యూ' పెట్టేవాళ్లు, అందరూ ఒకే ఆఫీసులో ఉంటారు. తెలుగు లిపిలోనే పెడదామంటే అది ఇంకా పెద్ద చిక్కు. బ్రౌజర్ ఆ అక్షరాల్ని ఏ ఎన్‌కోడింగ్‌లో పంపాలో చెప్పే చార్‌సెట్ అనే ముక్క స్టాండర్డ్‌లో ఉంది, ఇంజిన్‌ఎక్స్ దాన్ని పంపదు. పైగా యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత చూడదు, అంటే 24 కోడ్‌పాయింట్లతో సరి. గుణింతాలు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయని మర్చిపోకండి. యూజర్‌నేమ్‌లో కోలన్ పెట్టకూడదు, ఎందుకో పైన చెప్పిన కలిపే పద్ధతి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలోనే ఒక మాట మారుస్తాను. అందరికీ ఒకే పాస్‌వర్డ్ అన్నారు. ఒకే పాస్‌వర్డ్ అయితే ఒక క్లయింట్‌తో కాంట్రాక్ట్ అయిపోయిన రోజున ఏం చేస్తారు? పాస్‌వర్డ్ మార్చి 40 మందికీ, మిగతా ఇద్దరు క్లయింట్లకీ మళ్లీ చెప్పాలి. అది బద్ధకం వల్ల వాయిదా పడుతుంది, వాయిదా పడ్డది జరగదు. అదే ఫైల్‌లో గుంపుకి ఒక లైన్ పెట్టండి: సొంత టీమ్‌కి ఒకటి, ఒక్కో క్లయింట్‌కి ఒకటి, మొత్తం నాలుగు లైన్లు. ప్రతి గుంపులోనూ అది షేర్డ్ పాస్‌వర్డే, వాళ్లకి తేడా తెలియదు. మీకు అదనంగా పట్టే పని మూడు నిమిషాలు. ఒకరిని తీసేయాలంటే పెద్ద డీ ఆప్షన్‌తో ఆ ఒక్క యూజర్‌ని తొలగిస్తే, వాళ్ల తర్వాతి క్లిక్‌కే 401. మిగతావాళ్లకి ఏమీ తెలియదు. యాక్సెస్ లాగ్‌లో యూజర్‌నేమ్ ప్రతి లైన్‌లోనూ పడుతుంది కాబట్టి ఎవరు ఎంత చదువుతున్నారో, రాత్రి రెండింటికి మొత్తం సైట్‌ని దింపుకున్నది ఏ గుంపో కూడా కనిపిస్తుంది. అది ఏ మనిషో మాత్రం చెప్పదు. అది తెలియాల్సినంత రహస్యం అందులో ఉంటే షేర్డ్ పాస్‌వర్డ్ ఆలోచన వదిలేసి ఒక్కొక్కరికీ లాగిన్ పెట్టాల్సిందే.

పాస్‌వర్డ్ మార్చే రోజు కోసం యూజర్‌నేమ్‌లో నెల చేర్చే అలవాటు చేసుకోండి. జూన్ పేరుతో పాతది ఉండగానే సెప్టెంబర్ పేరుతో కొత్త లైన్ చేర్చి, వారం పాటు రెండూ పనిచేయనిచ్చి, తర్వాత పాతది తీసేయండి. ఒకే యూజర్‌నేమ్‌తో రెండు లైన్లు పెట్టి రెండు పాస్‌వర్డ్‌లూ నడుస్తాయనుకోకండి. ఇంజిన్‌ఎక్స్ మొదట కనిపించిన లైన్‌తోనే తేల్చేస్తుంది.

పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా పక్కదారులు చూసుకోకపోతే వృథా. మీ సర్వర్ ముందు సీడీఎన్ (పేజీల కాపీలు దాచి తానే పంచే మధ్యవర్తి సర్వర్లు) ఉందా? ఆథరైజేషన్ హెడర్‌తో వచ్చిన రిక్వెస్ట్ జవాబుని షేర్డ్ కాష్ దాచుకోకూడదని నియమం ఉంది, కానీ క్యాష్-కంట్రోల్‌లో పబ్లిక్ అని మీరే రాస్తే ఆ నియమం చెల్లదు. అన్నిటినీ కాష్ చేయమని సీడీఎన్‌లో రూల్ పెట్టినా అదే గతి. పాస్‌వర్డ్ ఇచ్చిన ఒక మనిషి పేజీ తెరవగానే, దాన్ని సీడీఎన్ దాచుకుని పాస్‌వర్డ్ లేనివాళ్లకీ వడ్డిస్తుంది. క్యాష్-కంట్రోల్‌లో ప్రైవేట్, నో-కాష్ అని పెట్టండి, పాస్‌వర్డ్ పెట్టిన రోజున సీడీఎన్ కాష్ మొత్తం ఖాళీ చేయండి.

సెర్చ్ కోసం అల్గోలియా వాడుతుంటే అది ఇంకా లోతైన సందు. మీ పేజీల పాఠం వాళ్ల సర్వర్‌లో ఇండెక్స్‌గా ఉంటుంది, దాన్ని వెతికే కీ మీ పేజీ సోర్స్‌లోనే ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టక ముందు ఆ కీని ఎవరైనా చూసి ఉంటే, ఇప్పుడూ నేరుగా వెతుక్కోవచ్చు. ఆ ఇండెక్స్ తీసేసి ఎంకేడాక్స్ సొంత సెర్చ్‌కి మారండి, అది తాళం లోపలే ఉంటుంది. వేరే క్లౌడ్ స్టోరేజ్ బకెట్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్లు, పబ్లిక్ రిపాజిటరీ నుంచి లాగుతున్న బొమ్మలు, పాత డొమైన్, సర్వర్ ఐపీని నేరుగా కొడితే తెరుచుకునే డిఫాల్ట్ సర్వర్ బ్లాక్, సైట్ ఫోల్డర్‌లో మర్చిపోయిన గిట్ ఫోల్డర్: ఇవన్నీ ఒక్కొక్కటిగా చూసుకోవాల్సినవే. ఇదివరకు సైట్ పబ్లిక్‌గా ఉండి ఉంటే గూగుల్ ఫలితాల్లో ముక్కలు కొన్నాళ్లు కనిపిస్తాయి. సెర్చ్ కన్సోల్‌లో రిమూవల్స్ నుంచి తీయించండి, అది తాత్కాలికమే అయినా ఈలోగా 401లు చూసి గూగుల్ తనంతట తాను వదిలేస్తుంది. సెర్చ్ బాట్లని ఇటు రావద్దని రోబోట్స్ ఫైల్‌లో రాసి ఊరుకోవడం మాత్రం రహస్య ఫోల్డర్ల చిరునామా పలక రాసి తగిలించడమే.

ఏపీఐ డాక్యుమెంటేషన్ అన్నారు కాబట్టి ఒక ప్రత్యేకమైన చిక్కు. ఏపీఐని పేజీలోనే ప్రయత్నించనిచ్చే స్వాగర్ యూఐలో ట్రై ఇట్ బటన్ ఉంటే, అది టోకెన్‌ని ఆథరైజేషన్ హెడర్‌లోనే బేరర్ అని పంపుతుంది. బేసిక్ ఆథ్‌కీ అదే హెడర్ కావాలి. ఒక రిక్వెస్ట్‌లో ఆ హెడర్ ఒక్కటే ఉంటుంది. ఏపీఐ కూడా డాక్యుమెంటేషన్ ఉన్న హోస్ట్ మీదే, అదే తాళం వెనక ఉంటే, టోకెన్ బేసిక్ పాస్‌వర్డ్‌ని తోసేస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌కి పాస్‌వర్డ్ కనిపించక 401 ఇస్తుంది. డెవలపర్ తన టోకెన్ తప్పేమోనని రోజంతా వెతుకుతాడు. ఏపీఐని వేరే సబ్‌డొమైన్ మీద పెట్టండి, దానికి ఈ తాళం వద్దు, దాని తాళం దానికుంది.

వెబ్ యాప్ మానిఫెస్ట్ ఫైల్ ఉంటే కన్సోల్‌లో దానికి మాత్రమే 401 కనిపిస్తుంది. మానిఫెస్ట్‌ని బ్రౌజర్ పాస్‌వర్డ్ లేకుండా అడుగుతుంది. ఆ లింక్ ట్యాగ్‌కి క్రాస్ఆరిజిన్ అట్రిబ్యూట్ పెట్టి విలువ యూజ్-క్రెడెన్షియల్స్ ఇస్తే సర్దుకుంటుంది. ఫోన్‌లో కొన్ని యాప్‌ల లోపలి బ్రౌజర్‌లో లింక్ తెరిస్తే పెట్టె రానే రాదు, నేరుగా 401 పేజీ వస్తుంది. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ ఆ అడగడాన్ని తనంతట తాను రద్దు చేస్తుంది, యాప్ రాసినవాళ్లు పట్టించుకుంటేనే చూపిస్తుంది. క్రోమ్‌లో తెరవమని లింక్‌తో పాటే రాయండి. లాగౌట్ బటన్ ఏదీ అని అడుగుతారు. బేసిక్ ఆథ్‌లో అది లేదు, బ్రౌజర్ మూసేదాకా గుర్తుంచుకుంటుంది. అది తప్పనిసరి అయితే కుకీతో పనిచేసే లాగిన్ పేజీ కావాలి, ఇంజిన్‌ఎక్స్ ఆథ్_రిక్వెస్ట్‌తో కట్టవచ్చు. మూడు గుంపుల క్లయింట్ల కోసం అంత హంగామా అక్కర్లేదని నా ఉద్దేశం. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ యూఆర్‌ఎల్‌లోనే ఇరికించి, అట్ గుర్తు పెట్టి పంపే అలవాటు మాత్రం మానిపించండి. ఆ లింక్ హిస్టరీలో, చాట్‌లో, టికెట్‌లో అన్నిచోట్లా మిగిలిపోతుంది.

ఆఫీసు నుంచి వచ్చేవాళ్లని పాస్‌వర్డ్ లేకుండా వదలాలనుంటే సాటిస్ఫై ఎనీ అని రాసి, ఆఫీసు ఐపీకి అలౌ, మిగతా అందరికీ డినై పెట్టండి. ఆ ఐపీ స్టాటిక్ అయితేనే. మొబైల్ డేటా, మామూలు బ్రాడ్‌బ్యాండ్ అయితే ఒకే ఐపీవీ4 వెనక ఎక్కడెక్కడి మనుషులో ఉండవచ్చు. ఆ ఐపీని వదిలారంటే వాళ్లందరినీ వదిలినట్టే. ఆఫీసు ఐపీవీ6 మీద వెళుతుంటే ఐపీవీ4 చేర్చినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, రెండూ రాయాలి. సీడీఎన్ వెనక ఉంటే ఇంజిన్‌ఎక్స్‌కి కనిపించేది సీడీఎన్ ఐపీ, రియల్ ఐపీ మాడ్యూల్ సరిచేయకుండా ఈ పని మొదలుపెట్టకండి.

పాస్‌వర్డ్‌లు గుడ్డిగా ప్రయత్నించేవాళ్ల కోసం తప్పులు చేసే ఐపీని ఆపేసే ఫెయిల్2బ్యాన్‌లో ఇంజిన్‌ఎక్స్ హెచ్‌టీటీపీ ఆథ్ జైల్ (అంటే సిద్ధపు రూల్) ఉంటుంది, ఆన్ చేయడమే. కానీ దాని మామూలు లెక్క 10 నిమిషాల్లో 5 తప్పులు. షేర్డ్ పాస్‌వర్డ్ కొత్తగా ఇచ్చిన రోజున ఒకే ఆఫీసు ఐపీ నుంచి ఐదు తప్పులు పది నిమిషాల్లో కాదు, ఒక నిమిషంలోనే పడతాయి, క్లయింట్ ఆఫీసు మొత్తం బయట నిలబడుతుంది. 20కి పెంచండి. ఐదు పదాల పాస్‌వర్డ్‌కి 20 ప్రయత్నాలు ఒక లెక్కా? సీడీఎన్ వెనక అయితే ఫైర్‌వాల్‌లో ఐపీని ఆపడం పనిచేయదు, కనెక్షన్ వచ్చేది సీడీఎన్ నుంచి కదా.

అపాచీ మీద, సీప్యానెల్ హోస్టింగ్ మీద ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: సీప్యానెల్‌లో డైరెక్టరీ ప్రైవసీ అనే బటన్ ఈ పనే చేస్తుంది. చేత్తో రాసుకుంటే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో ఆథ్‌టైప్ బేసిక్, ఆథ్‌నేమ్, ఆథ్‌యూజర్‌ఫైల్, రిక్వైర్ వ్యాలిడ్-యూజర్ అనే నాలుగు లైన్లు. ఆథ్‌యూజర్‌ఫైల్‌కి రూట్ నుంచి పూర్తి దారి ఇవ్వాలి, సగం దారి ఇస్తే ఆ ఫోల్డర్ నుంచి కాకుండా సర్వర్‌రూట్ నుంచి వెతుకుతుంది. పెద్ద ప్రమాదం మాత్రం డిప్లాయ్‌లో ఉంది. సైట్‌ని ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో, కొత్త బిల్డ్‌లో లేని ఫైళ్లని తీసేసే డిలీట్ ఆప్షన్ పెట్టి ఎక్కిస్తే, సర్వర్‌లో చేత్తో పెట్టిన హెచ్‌టీయాక్సెస్ చెరిగిపోతుంది, ఆ క్షణం నుంచి సైట్ లోకానికి తెరిచే ఉంటుంది, ఎవరికీ ఏ ఎర్రరూ రాదు. ఆ ఫైల్ బిల్డ్‌లోంచే రావాలి. స్ఫింక్స్‌లో హెచ్‌టీఎంఎల్_ఎక్స్‌ట్రా_పాత్ ఉన్నదే ఇలాంటి వాటికోసం. ఎంకేడాక్స్ చుక్కతో మొదలయ్యే ఫైళ్లని కాపీ చేయదు, 1.5 నుంచి ఎక్స్‌క్లూడ్_డాక్స్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి ఆ ఫైల్ పేరు రాస్తే కాపీ చేస్తుంది.

గిట్‌హబ్ పేజెస్ మీద ఉన్నవాళ్లకి ఈ దారే లేదు. రిపాజిటరీ ప్రైవేట్ అయినా దాని నుంచి వచ్చిన సైట్ పబ్లిక్కే, ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్ సంస్థలకి తప్ప. నెట్లిఫై, వెర్సెల్‌లలో సైట్ పాస్‌వర్డ్ డబ్బు కట్టేవాళ్లకే. క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్ 50 మంది దాకా ఉచితం, పాస్‌వర్డ్ బదులు ఈమెయిల్‌కి ఓటీపీ పంపుతుంది. అయితే ప్రివ్యూ చిరునామాలకి కూడా ఆ కాపలా పెట్టడం మర్చిపోకండి.

చివరగా తనిఖీ. బ్రౌజర్‌తో కాదు, అది మీ పాస్‌వర్డ్‌ని గుర్తుంచుకుని మిమ్మల్ని మోసం చేస్తుంది. మీ ఆఫీసు ఐపీని వదిలి ఉంటే ఆఫీసు బయటి నుంచి చేయండి. కర్ల్‌కి పెద్ద ఐ ఆప్షన్ ఇచ్చి హెడర్లు మాత్రమే తెచ్చుకోండి. హోమ్‌పేజీ, సెర్చ్ ఇండెక్స్ జేసన్, ఏదో ఒక పీఎన్‌జీ, ఒక పీడీఎఫ్, సైట్‌మ్యాప్, అసలు లేని ఒక చిరునామా, ఇవన్నీ 401 ఇవ్వాలి. లేని చిరునామా 404 ఇస్తే ఆ దారికి తాళం లేదన్న మాట. తర్వాత బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్ పేరునీ ఫైండ్‌తో తీసి, ఒక్కోదానికీ కర్ల్ నడిపి, స్టేటస్ 200 వచ్చినవాటిని మాత్రం ప్రింట్ చేసే చిన్న లూప్ రాయండి. సైట్‌మ్యాప్ మీద ఆధారపడకండి, అందులో బొమ్మలు, జేసన్‌లు ఉండవు. ఆ లూప్ ఖాళీగా తిరిగొస్తే సరే. అదే లూప్‌ని డిప్లాయ్ స్క్రిప్ట్ చివర పెట్టి, ఒక్క 200 వచ్చినా డిప్లాయ్ ఫెయిలయ్యేలా చేయండి. ఆర్నెల్ల తర్వాత ఎవరో కాషింగ్ కోసం కొత్త లొకేషన్ బ్లాక్ చేర్చి, అందులో ఆథ్_బేసిక్ ఆఫ్ అని రాస్తే, పట్టుకునేది అదొక్కటే.